నాలుగు బఫర్లకు రెండున్నర లక్షలు

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే, ఇక్కడ న్యూజెర్సీలో నేనింకా కాఫీ కూడా కలుపుకోకముందే, మా చిన్నాన్న కూతురు ఫోను చేసింది. గుంటూరు జిల్లాలో ఒక ఫార్మసీ కాలేజీలో లెక్చరరుగా పనిచేస్తోంది. “అన్నయ్యా, నీకో కొటేషన్ పంపించాను. ఒక్కసారి చూసి బావుందని ఒక ముక్క రాసి పంపించు చాలు. రేపు కమిటీలో పెట్టాలి” అంది.

చూశాను. కాలేజీకి వచ్చిన గ్రాంటు ఆరు లక్షలు. కొటేషను 5,80,000. అంత డబ్బుకీ వచ్చేది ఒకే ఒక్క కంప్యూటరు. పేరు మాత్రం ఘనంగా ఉంది, “స్టీరియోస్కోపిక్ మాలిక్యులర్ విజువలైజేషన్ వర్క్‌స్టేషన్” అట. అందులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే రెండున్నర లక్షలు.

“ఇంత కార్డు దేనికమ్మా?” అన్నాను.

“అణువుల్ని త్రీడీలో చూడాలంటే ఇదొక్కటే పనికొస్తుందట అన్నయ్యా. మామూలు గేముల కార్డుల్లో స్టీరియో రాదట. డీలరు గట్టిగా చెప్పాడు.”

నాకు నోట మాట రాలేదు. డీలరు అబద్ధమాడాడని కాదు. అది నేను చెప్పిన మాటే కనక. 2006లో ఇక్కడ ఒక చిన్న మందుల కంపెనీకి కన్సల్టెంటుగా వెళ్ళి, అచ్చం ఇదే వాక్యాన్ని ఇరవై పేజీల నివేదికలో రాసి, గంటకింత అని బిల్లు కూడా వేశాను. అంచేత ఈ టపాని వేరేవాళ్ళ మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. సగం కోపం నా మీదే.

అసలు ఈ స్టీరియో అంటే ఏవిటో ముందు చూద్దాం. మన కళ్ళ మధ్య దూరం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. ఒక్కో కన్నూ లోకాన్ని కాస్త వేరే కోణంలోంచి చూస్తుంది, ఆ రెండు బొమ్మల్నీ కలిపి మెదడు లోతును కడుతుంది. ఈ సంగతి 1838లోనే చార్లెస్ వీట్‌స్టన్ రెండు అద్దాలూ రెండు గీతల బొమ్మలూ పెట్టి చూపించాడు. అప్పటికి ఫోటోలే సరిగా లేవు, ఇక కంప్యూటర్లెక్కడ! కంప్యూటరు చెయ్యవలసిందల్లా ఒకే అణువును రెండు కోణాల్లోంచి రెండుసార్లు గియ్యడం, ఏ కంటి బొమ్మ ఆ కంటికి చేరవెయ్యడం.

మొదటి పని ఏ కార్డైనా చేస్తుంది. పేచీ అంతా రెండోదాని దగ్గరే.

పాత పద్ధతిలో తెర మీద ఎడమ బొమ్మ, కుడి బొమ్మ ఒకదాని తరవాత ఒకటి సెకనుకు 120 సార్లు మారుతుంటాయి. కళ్ళద్దాలు వాటితో తాళం వేసినట్టు ఒక్కో కన్నూ మూసి తెరుస్తుంటాయి. అంటే కంటికి 60 చొప్పున. 1989లో వచ్చిన క్రిస్టల్‌ఐస్ అద్దాలు ఇలాంటివే. సిలికాన్ గ్రాఫిక్స్ వర్క్‌స్టేషన్ల ముందు ఈ అద్దాలు పెట్టుకుని కూర్చోవడం ప్రొటీన్ల వాళ్ళకు అప్పట్లో ఒక హోదా. దీనికోసం ఓపెన్‌జీఎల్‌లో నాలుగు బఫర్లుంటాయి. కంటికి రెండు చొప్పున, ఒకటి చూపిస్తుండగా రెండోది వెనకాల గీస్తుండటానికి. దీన్నే క్వాడ్ బఫర్ స్టీరియో అంటారు.

ఆ నాలుగు బఫర్లకూ ఎంత చోటు కావాలో చిన్న లెక్క వేద్దాం. 1920 అడ్డం, 1080 నిలువు, పిక్సెలుకు 4 బైట్లు. ఒక బఫరుకు 82,94,400 బైట్లు, అంటే 8.3 మెగాబైట్లు. నాలుగూ కలిపితే 33 మెగాబైట్లు. ఇవాళ చవక కార్డులో కూడా నాలుగు గిగాబైట్ల మెమరీ ఉంటోంది. మరి ఈ ముప్ఫైమూడు మెగాబైట్లు గేముల కార్డులో పట్టలేదా? పడతాయి. పట్టనివ్వలేదు, అంతే. ఎన్విడియా వాళ్ళు కిటికీలో నడిచే ఓపెన్‌జీఎల్ స్టీరియోని తమ క్వాడ్రో వరసకే అట్టేపెట్టారు. జీఫోర్స్‌లో, క్వాడ్రోలో ఉన్నది చాలాసార్లు ఒకే కుటుంబపు చిప్పే. తలుపు వేసింది డ్రైవరు. 2000 దశకం మొదట్లో రివాట్యూనర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో కొన్ని జీఫోర్స్ కార్డుల్ని “నేను క్వాడ్రోనే” అని డ్రైవరుకు నమ్మించేవాళ్ళు. తరవాత తరవాత ఆ కిటుకులు సాగనివ్వలేదు. క్వాడ్రో అన్న పేరును 2020లో కొత్త కార్డుల మీదనుంచి తీసేశారు గానీ తలుపు తీయలేదు.

వాడి సరుకు, వాడి ధర, కాదనను. కొద్దిమంది మాత్రమే అడిగే సదుపాయాన్ని ఏళ్ళ తరబడి పరీక్షించి నిలబెట్టడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఆ కొద్దిమంది దగ్గరే రాబట్టుకుంటాడు. నా గొడవ వాడితో కాదు. “స్టీరియో కావాలంటే క్వాడ్ బఫర్ కావాలి, క్వాడ్ బఫర్ కావాలంటే ఈ కార్డే కావాలి” అని మంత్రంలా చదివే మనతో. రెండో ముక్క చాలావరకు నిజం. మొదటి ముక్క ఎప్పుడూ నిజం కాదు. నిజం పక్కన కూర్చోబెడితే అబద్ధానికి కూడా మర్యాద దక్కుతుంది, అదీ ఇందులో కిటుకు.

2006 సంగతికొస్తాను. ఆ కంపెనీకి ఆరు వర్క్‌స్టేషన్లు, ఆరు ప్రొఫెషనల్ కార్డులు, ఆరు పెద్ద సీఆర్‌టీ మానిటర్లు, ఆరు జతల అద్దాలు రాసిచ్చాను. లినక్స్ మీద దాన్ని నిలబెట్టడానికి వారం పట్టింది. కాన్ఫిగరేషన్ ఫైల్లో స్టీరియో అన్న వరసకు 3 అని రాస్తే కార్డు వెనకాల మూడు పిన్నుల కనెక్టరు పలికేది. కాంపోజిట్ అనే ముక్క పనిచేస్తుంటే స్టీరియో పలికేది కాదు, అంచేత అందరి డెస్క్‌టాపుల మీద హంగులన్నీ ఆపేశాను. మొదటి రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆరు నెలలకి అద్దాల్లో బ్యాటరీలు అయిపోయి సొరుగుల్లోకి చేరాయి. మూడేళ్ళకి కంపెనీవాళ్ళు బల్లలమీద చోటు చాలడంలేదని సీఆర్‌టీలన్నీ తీసేసి పల్చటి ఎల్‌సీడీలు పెట్టారు. అవి సెకనుకు 60 సార్లకు మించి మారేవి కావు. అంతే, ఒక్క శనివారంలో ఆరు స్టీరియో వర్క్‌స్టేషన్లు ఆరు మామూలు కంప్యూటర్లయిపోయాయి. కార్డులు మాత్రం లోపల భేషుగ్గా ఉన్నాయి, నాలుగేసి బఫర్లతో, చూసే దిక్కులేకుండా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంత తతంగం జరుగుతున్నప్పుడు ఆ ఆఫీసులో అరవై దాటిన ఒక క్రిస్టలోగ్రాఫరు ఉండేవారు. ఆయన నా అద్దాలు ఒక్కరోజు కూడా పెట్టుకోలేదు. తెరమీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టుకుని, కళ్ళు కొద్దిగా దగ్గరకు తిప్పి, హాయిగా లోతు చూసేవారు. అడిగితే “1965లో ఆర్టెప్ ప్రోగ్రాము వచ్చిన దగ్గర్నించీ మా పత్రికల నిండా ఇలాంటి జంట బొమ్మలే కదా, చూడ్డం నేర్చుకోకపోతే మాకు గతి ఏవిటి?” అన్నారు. నేను ఆయన్ని పాతకాలం మనిషనుకున్నాను. ఆ సెటప్పులన్నీ పోయాక కూడా మిగిలింది ఆయన పద్ధతే.

ఆ పద్ధతి మీరూ ఇప్పుడే నేర్చుకోవచ్చు. పైమోల్‌లో క్రాస్‌ఐ స్టీరియో పెడితే కుడికంటి బొమ్మ ఎడమవైపు, ఎడమకంటి బొమ్మ కుడివైపు వస్తాయి. ముక్కుకీ తెరకీ మధ్య ఒక పెన్సిలు పట్టుకుని దాని కొస చూస్తూ మెల్లిగా ముందుకూ వెనక్కూ జరపండి. రెండు బొమ్మలు నాలుగై, ఒకచోట మధ్యవి రెండూ ఒకటై మూడవుతాయి. ఆ మధ్యదాన్ని చూడండి. మొదటిరోజు కళ్ళు లాగుతాయి, వారానికి అలవాటవుతుంది. ఖర్చు ఒక పెన్సిలు. కొందరికి మెల్లకన్ను వల్లనో మరోదాని వల్లనో స్టీరియో అసలు పట్టదు, వాళ్ళకు రెండు లక్షల కార్డు కొనిచ్చినా పట్టదు. అలాంటివాళ్ళకు అణువును అటూ ఇటూ మెల్లగా ఊపితే చాలు, దగ్గరవి ఎక్కువా దూరంవి తక్కువా కదులుతాయి కనక లోతు తెలిసిపోతుంది. పైమోల్‌లో దానికి రాక్ అని ఒక్క మాట ఆజ్ఞ ఉంది.

“ఇవన్నీ పేదవాడి ఉపాయాలు, అసలైన స్టీరియో వేరు” అంటారా? సరే, ధనవంతుడి ఉపాయమే చూద్దాం. 2016లో ఆక్యులస్ రిఫ్ట్, హెచ్‌టీసీ వైవ్ వచ్చాయి. తలకు తగిలించుకునే ఆ పెట్టెల్లో కంటికొక బొమ్మ, సెకనుకు 90 సార్లు. అది స్టీరియో కాదా? నడిపింది ఏ కార్డు? గేముల కార్డే! రెండు బొమ్మల్ని రెండు టెక్స్‌చర్లుగా గీసి హెడ్‌సెట్టుకు అప్పగిస్తే సరిపోతుంది, ఆ నాలుగు బఫర్ల ఊసే లేదు. కైమెరాఎక్స్ ప్రోగ్రాము ప్రొటీన్లను అందులోనే చూపిస్తుంది. అంటే ఏ కార్డుకైతే “స్టీరియో రాదు” అని డీలరు చెబుతున్నాడో, అదే కార్డు పిల్లల ఆటకోసం పాత వర్క్‌స్టేషన్లకంటే వేగంగా స్టీరియో గీస్తోంది.

హెడ్‌సెట్టు ఒక్కరికే. తరగతి అంతటికీ చూపించాలంటే? డీఎల్‌పీ లింక్ అని ఒక పద్ధతి ఉంది. ప్రొజెక్టరు తనే బొమ్మల మధ్య ఒక వెలుగు మినుకును పంపి అద్దాలకు తాళం వేస్తుంది. త్రీడీ ఉందని రాసి ఉన్న డీఎల్‌పీ ప్రొజెక్టర్లు చాలావరకు పక్కపక్క బొమ్మల్ని హెచ్‌డీఎంఐ తీగలోంచి తీసుకుని తామే విడదీసుకుంటాయి. కార్డు పంపేది ఒక మామూలు తెర బొమ్మే. ఏ కార్డైనా పంపుతుంది. ఎరుపు నీలం కాగితం అద్దాలు ఇంకా చవక గానీ నేను వద్దంటాను. మన అణువుల బొమ్మల్లో ఆక్సిజను ఎరుపు, నైట్రోజను నీలం. ఆ అద్దాలు సరిగ్గా ఆ రంగుల్నే తినేస్తాయి.

మరి ప్రొఫెషనల్ కార్డు ఎవరికీ అక్కర్లేదా? కావాలి. మూడు నాలుగు ప్రొజెక్టర్లు ఒకే గోడమీద ఒకే క్షణంలో మారాలంటే వాటిని కలిపి కట్టే హార్డ్‌వేరు ఆ వరసలోనే దొరుకుతుంది. 120 సార్లు మారే తెరా, మూతపడే అద్దాలూ ఇప్పటికే ఉండి, కిటికీలో స్టీరియో కావాలనుకుంటే అదే కొనాలి. రోజుల తరబడి లెక్కలు నడిచేచోట తప్పుల్ని తనే దిద్దుకునే మెమరీకి విలువుంది. 2013లో ఇలినాయ్ వాళ్ళు ఎయిడ్స్ వైరసు లోపలి గుల్లను నీళ్ళతో సహా ఆరు కోట్ల నలభై లక్షల పరమాణువులతో లెక్కగట్టారు. అలాంటివాటితో కుస్తీ పట్టేవాళ్ళకు పెద్ద మెమరీ కార్డు విలాసం కాదు. కానీ బీఫార్మసీ మూడో ఏడాది పిల్లలు చూసేది అది కాదు కదా.

వాళ్ళు చూసేదేవిటో మా చెల్లెలే చెప్పింది. మెథోట్రెక్సేట్. ఈ మందు మనకు పరాయిది కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లేలో పరిశోధనకు పెద్దగా ఉన్న రోజుల్లో, 1940లలో, అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. దానికి విరోధులైన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. పెర్ల్ రివర్ అనే ఆ ఊరు మా ఇంటినుంచి గంట ప్రయాణం. ఆయన 1948లో పోయారు. తన మందు ఎంజైములో ఎలా కూర్చుంటుందో ఆయన చూడలేదు. ఆ బొమ్మ చాలా ఏళ్ళ తరవాత వచ్చింది. ప్రొటీన్ డేటా బ్యాంకులో 1982 నాటి 4డీఎఫ్ఆర్ అన్న ఫైలు తెరిస్తే ఎవరైనా చూడొచ్చు, ఉచితంగా.

కాగితం మీద చూస్తే ఫోలేటూ మెథోట్రెక్సేటూ కవల పిల్లలు. ఒక ఆక్సిజను బదులు అమినో గుంపు, ఇంకోచోట ఒక మిథైలు, అంతే తేడా. ఎంజైములోకి వెళ్ళాక మాత్రం మెథోట్రెక్సేటు తన టెరిడిన్ వలయాన్ని అసలు ఫోలేటుతో పోలిస్తే బోర్లా తిప్పి కూర్చుంటుంది. చదునైన పటంలో ఇది పిల్లలకు ఎక్కదు, బట్టీపట్టి పరీక్షలో రాసేస్తారు. లోతు కనపడితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, జన్మలో మర్చిపోరు. కాబట్టి స్టీరియో దండగన్నవాడితో కూడా నేను పోట్లాడతాను. స్టీరియో కావాలి. అరవై మందికీ కావాలి. అందుకే ఒక్క పెట్టెలో పెట్టి తాళం వెయ్యొద్దంటున్నాను. ఆ ఎంజైములో ఉన్నది 159 అమినో ఆమ్లాలు. దాన్ని గియ్యడానికి ఇవాళ ఆఫీసు కంప్యూటర్లో ఉచితంగా వచ్చే గ్రాఫిక్సు సరిపోతుంది.

ఇంకో కథ చెప్పి ముగిస్తాను. 2014లో ఇండియా వెళ్ళినప్పుడు ఒక విద్యాసంస్థలో (పేరెందుకు లెండి) ఇలాంటి ఖరీదైన సెటప్పు చూపించారు. ప్రొఫెషనల్ కార్డు, మంచి తెర, అద్దాలు, ఏసీ గది, గుమ్మం బయట చెప్పులు. అద్దాలు పెట్టుకుని ఒక ప్రొటీన్ను గీతల రూపంలో చూశాను. ఏదో తేడాగా ఉంది. కాసేపటికి తట్టింది, ఆల్ఫా హెలిక్సు ఎడమచుట్టు తిరుగుతోంది! ప్రకృతిలో ప్రొటీన్ల ఆల్ఫా హెలిక్సులు కుడిచుట్టువి. ఎడమకంటి బొమ్మ కుడికంటికీ, కుడిది ఎడమకూ వెళుతోందన్నమాట. అలా తారుమారైతే ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పోయి అణువు అద్దంలో ప్రతిబింబంలా తయారవుతుంది. పెట్టి ఎనిమిది నెలలయిందట. చూసినవాళ్ళందరికీ తలనొప్పి వచ్చేదట, అలవాటులేక అనుకున్నారట. పైమోల్‌లో స్టీరియో స్వాప్ అని కొడితే సరిపోయింది. మందుల చదువులో కుడి ఎడమల తేడా ఎంత ప్రాణాంతకమో థాలిడోమైడ్ పాఠంలో చెప్పేది వాళ్ళే. కార్డుకు డబ్బు పెట్టారు, దాన్ని సరిచూసే మనిషికి పెట్టలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

మా చెల్లెలికి ఆ రాత్రే వేరే లెక్క వేసి పంపించాను. ఆ వారం దొరికిన ధరలివి. మామూలు కంప్యూటర్లు ఎనిమిది, ఒక్కోటి 40,000 చొప్పున 3,20,000. గేముల కార్డున్న కంప్యూటరు ఒకటి 1,10,000. దానికి హెడ్‌సెట్టు 40,000. త్రీడీ ప్రొజెక్టరు 70,000. అద్దాలు ఇరవై జతలు, 40,000. మొత్తం 5,80,000, అదే డబ్బు. ఇద్దరికొక కంప్యూటరు చొప్పున బ్యాచికి పద్ధెనిమిది మంది. కైమెరాఎక్స్, వీఎండీ చదువుకునేవాళ్ళకు ఉచితం, పైమోల్‌కు ఓపెన్ సోర్స్ రూపం ఉంది.

అది చూసి మా చెల్లెలు సంతోషిస్తుందనుకున్నాను. ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది, “అన్నయ్యా, నువ్వక్కడ కూర్చుని చెబుతావు. ఇక్కడ కమిటీకి ఎదురు చెప్పాల్సింది నేను. మా ప్రిన్సిపాల్ గారికి ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్ళకు చూపించడానికి ఒక పెద్ద మిషను కావాలి. ఎనిమిది మామూలు కంప్యూటర్లు చూపిస్తే ఎవరికి ఆనుతాయి?”

నిజమే. ఎవరో ఆఫీసరు గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు చూసిపోయే గది కోసం అరవై మంది పిల్లల డబ్బు ఖర్చుపెడతాం. నా 2006 నివేదిక కూడా అందుకే అంత మందంగా ఉండేది. కంపెనీవాళ్ళు తమ పెట్టుబడిదారులకు చూపించుకోవాలని నాకూ తెలుసు, తెలిసే రాశాను. ఆ కంపెనీకి డబ్బుంది, తట్టుకుంది. ఈ కాలేజీకి ఇలాంటి గ్రాంటు మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

అంచేత ప్రిన్సిపాల్ గారికి, కమిటీ పెద్దలకి నా మనవి ఇది. కొటేషను ముందు పెట్టుకుని డీలరును నాలుగే ప్రశ్నలడగండి. దీన్ని ఒకేసారి ఎంతమంది చూస్తారు? ఏ తెర మీద చూస్తారు, ఆ తెర పాడైతే అలాంటిది మళ్ళీ దొరుకుతుందా? ఏ ప్రోగ్రాముతో చూస్తారు, దానికి క్వాడ్ బఫర్ తప్ప వేరే దారి లేదా? అద్దాలు ఎన్నాళ్ళు దొరుకుతాయి? ఎన్విడియా తన 3డీ విజన్ అద్దాలను 2009లో తెచ్చి, 2019 ఏప్రిల్ తరవాతి జీఫోర్స్ డ్రైవర్లలోంచి తీసేసిందని కూడా గుర్తుచెయ్యండి. నాలుగింటికీ జవాబు చెప్పాకే కార్డు మాట ఎత్తమనండి. కార్డు చివర కొనేది, మొదట కాదు.

సోమవారం కమిటీ ఏదీ తేల్చలేదు, రెండో కొటేషను కూడా పెట్టమన్నారట. మా చెల్లెలు అక్కడ లేచి నిలబడి మాట్లాడిందట. నేను ఇరవై ఏళ్ళ కిందట, బిల్లు వేసుకుంటూ కూడా, ఆ పని చెయ్యలేదు.

తా.క.: కమిటీ ఏది కొన్నా సరే, మొదటిరోజు అద్దాలు పెట్టుకుని హెలిక్సు ఎటు చుట్టుందో చూడమ్మా. కుడిచుట్టు ఉంటేనే డీలరు కాగితం మీద సంతకం పెట్టు.